బోరులో ఉష్ణోగ్రత: కొలిచినది వేరు, ఉన్నది వేరు

(మద్దిలపాలెంలో జరిగిన మన సంఘ సభ్యుల కుటుంబ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సభలలో పెన్షన్ గురించీ, కరువు భత్యం గురించీ, మందుల బిల్లుల గురించీ మాట్లాడడం రివాజు. ఈసారి కార్యదర్శి గారు, "ఉద్యోగంలో ఉండగా మీలో ఒక్కొక్కరు ఏం పని చేశారో మిగతా వాళ్లకు తెలియదు. ఒకరు పోర్టులో, ఒకరు స్టీల్ ప్లాంటులో, ఒకరు ఆర్టీసీలో, ఒకరు బ్యాంకులో. ఎవరి పని గురించి వారు అందరికీ అర్థమయ్యేలా చెప్పండి" అన్నారు. నా వంతు వచ్చింది కనుక మీ ముందు నిలబడ్డాను.

నేను పని చేసినది లాగింగ్ విభాగంలో. చమురు, సహజవాయువుల కోసం తవ్విన బోరులోకి కేబుల్ చివర పరికరం కట్టి దింపి, లోపలి రాళ్ల లక్షణాలు కాగితం మీద గీయించుకోవడం మా పని. లాగ్ అంటే ఆ గీతల చుట్టే. అందులో మేము వ్రాసే అంకెలు ఎన్నో ఉండేవి. వాటిలో అందరూ తేలికగా తీసుకునే ఒక్క అంకె గురించి ఈరోజు చెబుతాను. అది బోరు అడుగున ఉష్ణోగ్రత.

ఇందులో చెప్పడానికేముంది, థర్మామీటరు దింపితే తెలిసిపోతుంది కదా అని మీరు అనుకోవచ్చు. చిక్కంతా అక్కడే ఉంది. దింపిన థర్మామీటరు చెప్పేది బోరులో నిండి ఉన్న బురదనీటి వేడి. మనకు కావలసినది దాని చుట్టూ ఉన్న రాతి వేడి. ఆ రెండూ ఒకటి కావు. మొదటి దాని నుంచి రెండవ దానిని ఎలా రాబడతారు, రాబట్టకపోతే ఏమవుతుంది అన్నదే నా ప్రసంగం.

ముందు మన ఇంటి బోరుతో మొదలుపెడదాం. డిసెంబరు, జనవరి మాసాలలో తెల్లవారుజామున మోటారు వేస్తే నీళ్లు గోరువెచ్చగా వస్తాయి. మే నెల మధ్యాహ్నం అదే నీళ్లు చల్లగా అనిపిస్తాయి. నిజానికి ఆ నీటి వేడి ఏడాది పొడుగునా ఇంచుమించు ఒకటే. మారేది మన ఒంటికి తగిలే గాలి. పగలు, రాత్రి తేడా నేలలో ఒక మీటరు దిగే లోపలే చాలా వరకు అణగిపోతుంది. వేసవి, శీతాకాలం తేడా పది, పదిహేను మీటర్లు దిగేసరికి దాదాపుగా మాయమవుతుంది. అక్కడ ఉండేది ఆ ఊరి సంవత్సర సగటు ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉండే వేడి. మన విశాఖపట్నంలో అది సుమారు 28 డిగ్రీలు అనుకోండి. (నేను చెప్పే డిగ్రీలన్నీ సెల్సియస్.)

అక్కడి నుంచి ఇంకా లోపలికి దిగితే వేడి పెరగడం మొదలవుతుంది. భూమి పుట్టినప్పటి వేడి ఇంకా లోపల మిగిలి ఉంది. దానికి తోడు రాళ్లలో అతి కొద్దిగా ఉండే యురేనియం, థోరియం, పొటాషియం వంటి పదార్థాలు నెమ్మదిగా క్షీణిస్తూ వేడిని విడుదల చేస్తూ ఉంటాయి. ఆ వేడి ఎప్పుడూ పైకి వస్తూనే ఉంటుంది. వచ్చే వేడి చాలా స్వల్పం. చదరపు మీటరుకు వాటులో వెయ్యోవంతులలో కొలుస్తారు. దక్షిణ భారతదేశపు పాత గట్టి రాళ్లలో ఇది 30, 40 మిల్లీవాట్ల ప్రాంతంలో ఉంటుందని హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ వారు దశాబ్దాల పాటు చేసిన కొలతలు చెబుతున్నాయి. 1961లో స్థాపించిన ఆ సంస్థ మన తెలుగువారి ముంగిట ఉండడం మన అదృష్టం.

లోతుకు వెళ్లేకొద్దీ వేడి ఎంత చొప్పున పెరుగుతుంది అన్నది రెండు విషయాల మీద ఆధారపడుతుంది. ఒకటి, కింద నుంచి వచ్చే వేడి ఎంత. రెండు, మధ్యలో ఉన్న రాయి ఆ వేడిని ఎంత సులువుగా పోనిస్తుంది. చలికాలంలో పలుచటి దుప్పటి కప్పుకున్నవారికీ, మందపాటి రగ్గు కప్పుకున్నవారికీ ఒంటి వేడి ఒకటే. కాని రగ్గు లోపలి వైపుకూ, బయటి వైపుకూ మధ్య తేడా ఎక్కువ. మన గ్రానైటు, చార్నొకైటు వంటి గట్టి రాళ్లు పలుచటి దుప్పటి వంటివి. వేడిని బాగానే పోనిస్తాయి. గోదావరి, కృష్ణా డెల్టాల కింద వేల మీటర్ల మందాన పేరుకున్న షేలు, అంటే గట్టిపడిన బంకమట్టి, రగ్గు వంటిది. వేడిని పట్టి ఉంచుతుంది. కనుక అక్కడ లోతుతో పాటు వేడి త్వరగా పెరుగుతుంది.

దీనికి ఒక పక్క ఉదాహరణ కోలార్ బంగారు గనులు. మన చిత్తూరు జిల్లా సరిహద్దుకు ఆనుకుని ఉన్న ఆ గనులలో తెలుగువారు తరతరాలుగా పనిచేశారు. 2001లో మూసివేసే నాటికి అక్కడి ఛాంపియన్ రీఫ్ గని సుమారు 3 కిలోమీటర్ల 200 మీటర్ల లోతుకు చేరింది. ఆ లోతున రాతి వేడి 65 డిగ్రీల ప్రాంతంలో ఉండేది. అంటే కిలోమీటరుకు 12 డిగ్రీలు పెరిగింది. ప్రపంచంలో చాలా చోట్ల కిలోమీటరుకు 25 నుంచి 30 డిగ్రీలు పెరుగుతుంది. ఆ లెక్కన అదే లోతున 100 డిగ్రీలు దాటి ఉండవలసింది. పాత గట్టి రాయి కనుకనే మనిషి అంత లోతుకు దిగి పని చేయగలిగాడు. అదీ చల్లటి గాలిని కిందికి పంపిస్తేనే.

గనిలో రాతి వేడి కొలవడం కొంత సులువు. మనిషే అక్కడికి వెళ్లగలడు. కొత్తగా తెరిచిన రాతి ముఖంలో కొన్ని మీటర్ల లోతుకు సన్నటి రంధ్రం చేసి, అందులో థర్మామీటరు పెట్టి, రంధ్రం మూసి, కొంతసేపటి తర్వాత చూస్తారు. గని గాలి ఆ రాతిని చల్లబరచకముందే కొలవాలి. పైకి కనిపించే రాతి ముఖం మీద చేయి పెట్టి చూస్తే తెలిసేది గాలి తగిలి చల్లారిన రాయి. లోపలిది వేరు.

మూడు, నాలుగు కిలోమీటర్ల బోరులోకి మనిషి దిగలేడు. ఎనిమిదిన్నర అంగుళాల రంధ్రంలో పోయేది పరికరం ఒక్కటే. పైగా ఆ రంధ్రం ఖాళీగా ఉండదు. తవ్వుతున్నంతసేపూ బురదనీటిని, మేము మడ్ అంటాం, పైపుల లోపలి నుంచి కిందికి పంపి, పైపుల బయటి నుంచి పైకి రప్పిస్తూ ఉంటారు. అది బిట్టును చల్లబరుస్తుంది, రాతి పొడిని పైకి మోస్తుంది, లోపలి ఒత్తిడిని అదుపులో పెడుతుంది. ఈ పనులన్నీ చేస్తూనే అది మరొకటి కూడా చేస్తుంది. అడుగున ఉన్న వేడి రాతిని చల్లబరుస్తుంది. ఆ వేడిని మోసుకుంటూ పైకి వచ్చి పైనున్న చల్లటి రాతిని వెచ్చబెడుతుంది. కాబట్టి తవ్వకం ఆగిన వెంటనే కొలిస్తే అడుగున ఉన్న దానికన్నా తక్కువ, పైన ఉన్న దానికన్నా ఎక్కువ కనిపిస్తుంది.

ఆడపడుచులకు ఇది సులువుగా అర్థమయ్యే విషయం. మే నెలలో సాయంత్రం మేడ మీద పక్కలు వేసుకునేందుకు నాలుగు బిందెల నీళ్లు కొడతాం. కొట్టగానే కాలు పెడితే నేల చల్లగా ఉంటుంది. ఆహా అనుకుని చాపలు పరుస్తాం. గంట తిరిగేసరికి కింద నుంచి సెగ పైకి వస్తుంది. నీళ్లు చల్లబరచినది పై పొరను మాత్రమే. స్లాబు లోపలి వేడి ఎక్కడికీ పోలేదు. నీళ్లు కొట్టగానే థర్మామీటరు పెట్టి "ఈ స్లాబు వేడి ఇంత" అని వ్రాస్తే ఎలా ఉంటుందో, మడ్ తిప్పడం ఆపగానే కొలిచి "ఈ రాతి వేడి ఇంత" అని వ్రాసినా అలాగే ఉంటుంది.

మరి కొన్ని నెలలు ఆగి కొలవవచ్చు కదా? శాస్త్రజ్ఞులు చేసేది అదే. ఖనిజాల కోసమో, నీటి కోసమో తవ్విన బోరును చాలాకాలం కదపకుండా వదిలి, ఆ తర్వాత వెళ్లి, డిగ్రీలో నూరోవంతు తేడాను కూడా పట్టగల థర్మిస్టర్ పరికరాన్ని మెట్లు మెట్లుగా దింపి కొలుస్తారు. తవ్వడానికి పట్టిన కాలానికి పది, ఇరవై రెట్ల కాలం ఆగితేనే బోరు పూర్తిగా కుదుటపడుతుందని ఒక మోటు లెక్క. కాని చమురు బోరు మీద అన్నాళ్లు ఎవరు ఆగుతారు? రిగ్గు అద్దె గంటగంటకూ పెరుగుతూ ఉంటుంది. లాగింగు కాగానే కేసింగ్ పైపు దింపాలి, సిమెంటు చేయాలి, తర్వాతి పని చూడాలి. మా చేతికి దొరికేది ఒక రోజు, ఒక్కోసారి అంతకన్నా తక్కువ.

ఆ కొద్ది సమయంలోనే నిజానికి దగ్గరగా పోయే ఉపాయం ఒకటి ఉంది. దానిని హార్నర్ పద్ధతి అంటారు. 1951లో హేగ్ నగరంలో జరిగిన ప్రపంచ పెట్రోలియం మహాసభలో హార్నర్ అనే ఇంజనీరు, బావిని మూసినప్పుడు ఒత్తిడి తిరిగి ఎలా పుంజుకుంటుందో చూసి అసలు ఒత్తిడిని లెక్కగట్టే పద్ధతిని వివరించారు. 1959లో లాకెన్‌బ్రుక్, బ్రూవర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు అలాస్కా మంచు నేలలో తవ్విన బోరు ఉష్ణోగ్రత ఎలా కోలుకుంటున్నదో ఇటువంటి లెక్కతోనే పరిశీలించి ప్రచురించారు. ఒత్తిడి పుంజుకోవడం, వేడి పుంజుకోవడం రెండూ ఒకే తరహా నడక నడుస్తాయి. మొదట త్వరత్వరగా, తర్వాత నెమ్మదిగా, ఆ తర్వాత మరీ నెమ్మదిగా.

ఒక లెక్క చెబుతాను. పిల్లలు కాగితం మీద వేసుకోవచ్చు. అడుగుకు చేరాక 4 గంటల సేపు మడ్ తిప్పి ఆపారు. ఆపిన 6 గంటలకు మొదటి పరికరం అడుగుకు చేరి 104 డిగ్రీలు చూపింది. 12 గంటలకు రెండవ పరికరం 112 చూపింది. 20 గంటలకు మూడవది 116 చూపింది. ఇప్పుడు ప్రతిసారికీ ఒక నిష్పత్తి కట్టాలి. మడ్ తిప్పిన కాలమూ, ఆగిన కాలమూ కలిపి, దానిని ఆగిన కాలంతో భాగించాలి. మొదటిసారి 10ని 6తో భాగిస్తే 1.67. రెండవసారి 16ను 12తో భాగిస్తే 1.33. మూడవసారి 24ను 20తో భాగిస్తే 1.20. ఎంత ఎక్కువసేపు ఆగితే ఈ నిష్పత్తి అంతగా 1కి దగ్గరవుతుంది. అనంతకాలం ఆగితే సరిగ్గా 1 అవుతుంది. సెమీలాగ్ కాగితం మీద ఈ మూడు చుక్కలు పెట్టి స్కేలు ఆనించి గీత గీస్తే, ఆ గీత నిష్పత్తి 1 దగ్గర 122 డిగ్రీలను తాకుతుంది. అదే మన రాతి ఉష్ణోగ్రత అంచనా. అనంతకాలం ఆగవలసిన పనిని ఇరవై గంటలలో, ఒక పెన్సిలుతో, ఒక స్కేలుతో ముగించామన్నమాట.

104కూ 122కూ తేడా 18 డిగ్రీలు. అయితే ఏమిటట అని అడగవచ్చు. ఈ ప్రశ్న నన్ను ఉద్యోగంలో చేరిన కొత్తలో చాలామంది అడిగారు. జవాబు సిమెంటులో ఉంది.

బోరులో ఇనుప కేసింగ్ దింపి, దానికీ రాతికీ మధ్య ఖాళీలో సిమెంటు నింపుతారు. ఆ సిమెంటే కింది గ్యాసు పైకి రాకుండా, మంచినీటి పొరలలోకి ఉప్పునీరు చేరకుండా కాపాడే గోడ. సిమెంటు పైపు గుండా దిగుతున్నప్పుడు దానికి తగిలే వేడి వేరు, అడుగున నిలిచాక తగిలే వేడి వేరు. ఆ రెండింటి లెక్కకూ పునాది రాతి ఉష్ణోగ్రతే. వేడిని తక్కువగా అంచనా వేస్తే సిమెంటు అనుకున్నదానికన్నా ముందే గట్టిపడి పైపులోనే బిగుసుకుపోవచ్చు. ఎక్కువగా అంచనా వేస్తే గట్టిపడకుండా పాలలా ఉండిపోయి, గ్యాసు అందులో దారి చేసుకోవచ్చు. ఇంకొకటి ఉంది. సుమారు 110 డిగ్రీలు దాటిన చోట మామూలు సిమెంటు మొదట బాగానే గట్టిపడుతుంది, కాని రోజులు గడిచేకొద్దీ బలం కోల్పోతుంది. అందుకని ఆ వేడికి మించిన చోట సిమెంటు బరువులో 35 శాతం మేర సన్నటి సిలికా పొడి కలుపుతారు. ఇప్పుడు నేను చెప్పిన లెక్క చూడండి. 104 అని నమ్మినవాడు సిలికా అక్కరలేదు అంటాడు. 122 అని తెలిసినవాడు కలపవలసిందే అంటాడు. తప్పు అంచనా ఆ రోజు కనపడదు. ఏళ్ల తర్వాత, అందరూ బదిలీ అయ్యాక కనపడుతుంది.

మా రోజులలో కొలిచే సాధనం చాలా చిన్నది. డాక్టరు గారు నాలుక కింద పెట్టే థర్మామీటరుకు పెద్దన్న వంటిది. పాదరసం ఒకసారి ఎక్కితే దిగకుండా నొక్కు ఉంటుంది. అలాంటివి మూడు కలిపి పరికరం తలలో పెట్టేవాళ్లం. ఒకటి అబద్ధం చెప్పినా మిగతా రెండూ పట్టిస్తాయి. పైకి తీశాక చదివి, విదిలించి పాదరసం దించి, తర్వాతి పరికరంలో పెట్టాలి. లాగ్ మొదటి పేజీలో ఉష్ణోగ్రత, మడ్ ఆపిన సమయం, పరికరం అడుగుకు చేరిన సమయం వ్రాయడానికి గడులు ఉండేవి.

ఆ గడుల గురించే ఒక ముచ్చట చెప్పాలి. గోదావరి డెల్టాలో, చుట్టూ కొబ్బరి తోటలు, ఇళ్లు ఉన్న ఒక చోట లోతైన బోరు మీద ఉన్నాం. మా బృందానికి పెద్ద ఒక సీనియర్ గారు. తక్కువ మాటల మనిషి. మొదటి లాగ్ అయింది. రెండవ లాగ్ కాగితం ఆయన ముందు పెట్టారు. ఉష్ణోగ్రత గడిలో "డిట్టో" అని ఉంది.

"ఇదేంటి నాయనా?" అన్నారు.

"అడుగు అదే కదండీ. లోతు మారలేదు. అందుకని పైదే వేశామండీ" అన్నాడు వ్రాసిన కుర్రవాడు.

"లోతు మారలేదు. గంటలు మారాయి కదా. థర్మామీటర్లు విదిలించావా?"

కుర్రవాడు మాట్లాడలేదు. మూడవ పరికరం దిగడానికి సిద్ధంగా ఉంది. సీనియర్ గారు దానిని ఆపించారు. డ్రిల్లింగ్ ఇన్‌ఛార్జి గారు పరుగున వచ్చారు. "ఏంటండీ మళ్లీ? రిగ్గు టైము పోతోంది. వేడి ఎంతైతే ఏమండీ మీకు?" అని కాస్త గట్టిగానే అడిగారు.

సీనియర్ గారు గొంతు పెంచలేదు. "మీ టైము ఒక్క నిమిషం కూడా తిననండి. పరికరాలు ఎలాగూ దిగుతాయి. థర్మామీటరు విదిలించి, గడియారం చూసి వ్రాయాలి, అంతే. రేపు సిమెంటు మీరే కదా చేయించేది?" అన్నారు.

రెండవ లాగ్ కేబుల్ ఇంకా విప్పలేదు కనుక, ముందు అదే పరికరాన్ని థర్మామీటర్లు విదిలించి మరొకసారి అడుగు దాకా పంపించి తెచ్చారు. మూడవది తర్వాత దిగింది. నేను మీకు లెక్కలో చెప్పిన అంకెలు ఇంచుమించుగా ఆ రాత్రివే, గుండ్రంగా చేసి చెప్పాను. గీత గీసి చూపగానే ఇన్‌ఛార్జి గారు కాసేపు ఆ కాగితం వైపే చూసి, సిమెంటు వాళ్లకు ఫోను కలిపించి సిలికా తెప్పించమన్నారు. ఆ తర్వాత ఆయన బోరు మీద ఎప్పుడు కలిసినా ముందు అడిగేది, "మూడు రీడింగులూ వచ్చాయా అండీ?" అని.

1995 జనవరి 8న పాశర్లపూడిలో బోరు అదుపు తప్పి మంటలు లేచినది మీలో చాలామందికి జ్ఞాపకం ఉండే ఉంటుంది. మార్చి 15న ఆర్పేవరకు 65 రోజులు మండింది. చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ చేయించారు. దానికి ఉష్ణోగ్రత లెక్కతో సంబంధం ఉన్నదని నేను అనడం లేదు. బోరు పక్కన ఊరు ఉన్నప్పుడు, కింద ఉన్న రాతిని గురించి మనం వ్రాసే ప్రతి అంకె ఆ ఊరి క్షేమానికి సంబంధించినదే అని మాత్రం అంటున్నాను.

మన పెన్షనర్లకు దీనిని ఇంకొక విధంగా చెబుతాను. ప్రతి నవంబరులోనూ మనం బతికి ఉన్నట్టు లైఫ్ సర్టిఫికేట్ ఇస్తాం. అందులో సంతకం ఉండి తేదీ లేకపోతే బ్యాంకు వారు తీసుకుంటారా? తీసుకోరు. ఎప్పటి మాట అన్నది తెలియని సర్టిఫికేట్ చెల్లదు. ఎన్ని గంటలు ఆగి కొలిచారో వ్రాయని ఉష్ణోగ్రత కూడా అంతే. ప్రపంచమంతటా పాత లాగులలో లక్షల ఉష్ణోగ్రతలు ఉన్నాయి. ఎన్నో చోట్ల ఆ సమయాల గడులు ఖాళీగా ఉన్నాయి. వాటిని ఈనాడు సరిదిద్దాలని చూసేవారు సగటు దిద్దుబాట్లు వేసి సరిపెట్టుకోవలసి వస్తున్నది. ఒక నిమిషం పని ఆనాడు చేయనందుకు ఈనాడు ఎంత పెద్ద కంప్యూటరు ఉన్నా తిరిగి రాదు.

హార్నర్ పద్ధతి కూడా దైవవాక్కు కాదు. అది బోరును సన్నటి గీతగా ఊహించుకుంటుంది. నిజమైన బోరుకు వెడల్పు ఉంది. ఆగిన కాలం మరీ తక్కువైతే అది చెప్పే జవాబు అసలు వేడికన్నా కొంత తక్కువగానే ఉంటుంది. బోరులోకి నీరు ఊరుతున్నా, మడ్ రాతిలోకి ఇంకిపోతున్నా లెక్క తప్పుతుంది. అందుకే మూడు చుక్కలు ఒక వరుసలో లేకపోతే గీత గీయకూడదు, కారణం వెతకాలి అనేవారు మా సీనియర్ గారు.

తవ్వకముందు వేసే అంచనాల సంగతి ఇంకా కష్టం. రష్యాలో కోలా ద్వీపకల్పంలో 1970లో మొదలుపెట్టిన బోరు 1989 నాటికి 12,262 మీటర్లకు చేరింది. ప్రపంచంలోకెల్లా లోతైన బోరుగా దానికి పేరు. అడుగున 100 డిగ్రీలు ఉంటుందనుకుంటే 180 ఉంది. ఆ వేడికి రాయి మెత్తబడి తవ్వకం సాగలేదు. జర్మనీలో 1994లో ముగిసిన మరొక శాస్త్రీయ బోరులో 9,101 మీటర్ల దగ్గరే 265 డిగ్రీల దాకా ఉంది. రెండూ గట్టి రాళ్లే. పై నుంచి చూసి లోపల ఎంత వేడి ఉందో చెప్పడం పెద్ద పెద్ద వాళ్లకే సాధ్యపడలేదు.

మన సముద్రంలోనూ ఇలాంటి చోటు ఉంది. కాకినాడ తీరానికి ఎదురుగా కృష్ణా గోదావరి బేసిన్‌లో దీన్‌దయాళ్ క్షేత్రం ఉంది. అక్కడి లోతైన పొరలలో వేడి 200 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. మామూలు లాగింగ్ పరికరాలు 175 డిగ్రీల వరకే తట్టుకుంటాయి. అలాంటి చోట వేడిని ముందే సరిగా అంచనా వేయకపోతే కోట్ల ఖరీదు చేసే పరికరం లోపలే మాడిపోతుంది.

వేడి అంటే ఇబ్బంది ఒక్కటే కాదు, ఉపయోగమూ ఉంది. గోదావరి లోయలో, ఇప్పటి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు ప్రాంతంలో బొగ్గు కోసం తవ్విన బోర్లలో కొన్నింటి నుంచి వేడినీళ్లు వాటంతట అవే ఉబికి వచ్చాయి. పగిడేరు దగ్గర వచ్చే నీరు 60 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. ఆ వేడితో విద్యుత్తు తీసే 20 కిలోవాట్ల ప్రయోగాత్మక యూనిట్‌ను సింగరేణి వారు అక్కడ నెలకొల్పారు. చిన్నదే. కాని దారి చూపేది. హంగేరీ దేశంలో హైదూసోబోస్లో అనే ఊళ్లో 1925లో గ్యాసు కోసం తవ్వితే 73 డిగ్రీల నీరు వచ్చింది. ఆ ఊరు ఈనాడు స్నానఘట్టాలకు పేరు పొందింది. మన డెల్టాలో పని ముగిసిన లోతైన బోర్లు ఎన్నో ఉన్నాయి. వాటి వేడితో ఏమైనా చేయవచ్చా అని ఆలోచించే పిల్లలు మన ఇళ్లలోనే ఉండవచ్చు. వారికి ఒక మాట. వేడి ఉంటే చాలదు, దానిని పైకి మోసుకొచ్చే నీరు కూడా ఉండాలి. ఆ రెండూ కొలిచాకే ఆశ పెట్టుకోండి.

ఇంకొక విచిత్రం చెప్పి ముగిస్తాను. నేల పైన వాతావరణం ఏళ్ల తరబడి వేడెక్కితే ఆ వేడి నెమ్మదిగా రాతిలోకి దిగుతుంది. వంద సంవత్సరాల నాటి మార్పు నూరు, నూటయాభై మీటర్ల లోతున ఇంకా గుర్తుగా మిగిలి ఉంటుంది. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు అమెరికా సహచరులతో కలిసి మన దేశంలోని పదుల కొద్దీ బోర్లలో కొలిచిన ఉష్ణోగ్రతలను పరిశీలించి, గత నూటయాభై సంవత్సరాలలో నేల ఉపరితలం దాదాపు ఒక డిగ్రీ వేడెక్కిందని 2002లో ప్రచురించారు. వాతావరణ కేంద్రాలు లేని కాలపు సంగతిని కూడా రాయి దాచి ఉంచిందన్నమాట. అయితే అది చదవగలిగినది, ఆ బోర్లను కదపకుండా వదిలి, ఓపికగా, తేదీ వేసి కొలిచారు కనుకనే.

మన సభ్యులకు నా విన్నపం రెండు మాటలలో. మీరు చేసిన ఉద్యోగం ఏదైనా, క్రేను నడిపినా, ఫర్నేసు చూసినా, బస్సు నడిపినా, లెడ్జరు వ్రాసినా, మీ పనిలో ఇలాంటి "డిట్టో" గడి ఒకటి ఉండే ఉంటుంది. అందరూ తేలికగా తీసుకునేది, తెలిసినవాడు మాత్రం తేలికగా తీసుకోనిది. దానిని వ్రాసి మన సంచికకు పంపండి. ఆఫీసు కాగితాలు ఆఫీసువే. కాని ఆ పని ఎందుకు అలా చేయాలో మీకు తెలిసినది మీ ఒక్కరి దగ్గరే ఉంది. నా సీనియర్ గారు ఈనాడు లేరు. ఆయన ఏ పుస్తకమూ వ్రాయలేదు. ఆయన నేర్పినది నాకు గుర్తున్నంత వరకు మీ ముందు పెట్టాను.

పిల్లలకు ఒక చిన్న పని. ఒక మామూలు థర్మామీటరు తీసుకుని, మీ ఇంటి బోరు నీటిని పది నిమిషాలు వదిలిన తర్వాత కొలవండి. తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి. మళ్లీ మేలో, మళ్లీ డిసెంబరులో. అంకె పక్కన తేదీ, గంట, మోటారు ఎంతసేపు నడిచిందో తప్పక వ్రాయండి. వచ్చే సంవత్సరం సభకు ఆ కాగితాలు తీసుకురండి. మనందరం కూర్చుని గీత గీద్దాం.